నిలబడకూడని నేల

మా కొట్లో లైను కట్టకూడదు. గోడ మీద రాసిపెట్టలేదు గానీ మా ఊరు నాచెజ్‌లో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ, పోలీసులకీ పాస్టర్లకీ అందరికీ తెలిసిన సంగతే. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బెంచీల మీద కూర్చోవాలి. ఎవరు ముందొచ్చారో గుర్తుపెట్టుకోవడం మా పని. మేం వెళ్ళి ఏం కావాలని అడిగేదాకా లేవకూడదు. కొత్తవాడెవడైనా కౌంటరు ముందు నిలబడితే, వాడి వెనక ఇంకొకడు చేరేలోపే మా నానమ్మ ఎజెల్లా బయటినుంచి కేకేసేది.

"ఎవరు నాయనా అది? కాళ్ళకి మేకులు కొట్టారా? కూర్చో."

అది మా తాత పెట్టిన రివాజు. ఎందుకని మేం ఎన్నడూ అడగలేదు. ఒక కొట్లో అరువు ఉండదు, ఇంకో కొట్లో ఆదివారం అమ్మరు, మా కొట్లో లైను ఉండదు, అంతే అనుకున్నాం. మా చర్చి పెద్ద డీకన్ స్టోక్స్ మాత్రం ప్రతి శనివారం ఆ ముక్క అనందే తినేవాడు కాదు. "ప్రభువు భోజనానికైనా లైనులో నిలబడతాం గానీ, రూబెన్ టాలివర్ పంది కోసం మాత్రం పెళ్ళివారిలా కూర్చోవాల్సిందే."

రూబెన్ టాలివర్ మా నాన్న. పంది జబ్బల్ని పొగపొయ్యిలో రాత్రంతా సన్నసెగ మీద మగ్గబెట్టడం ఆయన పని. మాటల్నీ అలాగే మగ్గబెట్టేవాడు. ఈ రోజు అడిగినదానికి రేపు మధ్యాహ్నం జవాబొచ్చేది. అప్పటికి అడిగినవాడు ఏమడిగాడో మర్చిపోయి ఉండేవాడు.

ఆ వసంతం సంగతి చెబుతాను.

వసంతం వస్తే మా ఊళ్ళో పాతకాలం దొరల పెద్దమేడల తలుపులు చూడవచ్చినవాళ్ళకి తెరుస్తారు. నదిలో ఆవిరి పడవ వచ్చి గట్టు కింది రేవులో ఆగితే, దాని ఆవిరి బూరాల పాట పైన మా వీధిదాకా వినపడుతుంది. అజేలియాలు విరగబూస్తాయి. తెల్ల దొరసానులు గొడుగు విప్పినట్టుండే గౌన్లు తొడుక్కుని, మేడల గుమ్మాల్లో నిలబడి, ఈ అద్దం పారిస్‌ది, ఈ వెండి లండన్‌ది అని యాత్రికులకి చెబుతారు. ఇటుకలు కాల్చిందెవరు, మెట్లు చెక్కిందెవరు అని ఎవరైనా అడిగితే మాత్రం దొరసానులకి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కాసిని మంచినీళ్ళు తాగి పక్కగదిలోకి దారి చూపిస్తారు.

మా తమ్ముడు లవెల్ పనిచేసే చెక్కల మిల్లు ఆ శీతాకాలమే మూతపడింది. వాడి భార్య కొరీన్‌కి అప్పుడు కడుపు. హ్యూస్టన్‌లో ఉన్న కొరీన్ అన్న, వచ్చెయ్యండి, ఇక్కడ పనికి కరువులేదు అని ఫోన్లమీద ఫోన్లు. వాడు వెళితే మా నాన్న సగం మనిషైపోతాడని మా అందరికీ తెలుసు. మా అమ్మ పోయాక ఆయన పొయ్యి దగ్గర్నించి తలెత్తి మాట్లాడేది వాడితో ఒక్కడితోనే. యాత్రికుల్ని తిప్పే వ్యాను నడిపే పని సీజన్ వరకూ దొరికితే లవెల్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మాటకారి. పడవ దిగినవాళ్ళని మేడలన్నీ తిప్పి, ఆకలేసినవాళ్ళని మా కొట్టుకి తోలుకొచ్చేవాడు.

మా కొట్టున్నది ఊళ్ళోకొచ్చే పాతదారి మలుపులో. ఆ స్థలంలో ఒకప్పుడు బానిసల వ్యాపారి దొడ్డి ఉండేది. ఊళ్ళో అందరూ ఎరిగినదే, ఎవరూ ఎత్తనిదే. ఊరికి అటు చివర మనుషుల్ని అమ్మిన పెద్ద సంత జరిగిన చోట బోర్డయినా ఉంది. మా దొడ్డికి అదీ లేదు.

ఒకరోజు వ్యానులోంచి దిగినాయన, మెడలో కెమెరా, లవెల్‌ని అడిగాడు. "దొడ్డి ఇక్కడే అన్నావు. మరి చూడ్డానికేముంది?"

"ఈ నేలేనండి," అన్నాడు లవెల్.

ఆయన నేల వంక చూశాడు. గులకరాళ్ళు, కారునూనె మరకలు, నిద్రపోతున్న మా కుక్క. "నేల అంటే... వేలం వేసేటప్పుడు ఎక్కించే దిమ్మె ఉంటుంది కదా, అదేది?"

మా తమ్ముడి కళ్ళు వాకిలంతా తిరిగి తిరిగి మొద్దు మీద ఆగాయి.

అది మేం మాంసం కొట్టుకునే మొద్దు. మా తాత కాలంనాటిది. కత్తివేట్లతో నడుమంతా గుంటపడి, కొవ్వు తాగి తాగి నల్లబడింది. చెక్క మీద కొట్టకూడదని ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు గోలపెడితే నాన్న స్టీలుబల్ల కొని, మొద్దుని బయటికి దొర్లించాడు. అప్పట్నుంచీ అది నానమ్మకి పీట. బఠాణీలు ఒలిచినా, వచ్చేపోయేవాళ్ళని తిట్టినా దాని మీద కూర్చునే. ఆ రోజు నానమ్మ రక్తపోటు చూపించుకోడానికి ఆస్పత్రికెళ్ళింది. పీట ఖాళీగా ఉంది.

"అదుగో," అన్నాడు లవెల్. ఒక్కటే మాట. చెయ్యి కూడా పూర్తిగా చాపలేదు.

ఆయన దగ్గరికెళ్ళి, టోపీ తీసి, కత్తివేట్లని వేలితో తడిమాడు. "సంకెళ్ళు ఒరుసుకున్న గుర్తులు," అన్నాడు తనంతట తనే. ఆయన భార్య ఏడ్చింది. నేను ఐసు టీ గ్లాసులు చేత్తో పట్టుకుని తలుపులో అలా ఉండిపోయాను. వ్యాను వెళ్ళాక తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"ఏంట్రా అది?"

"నేనేమన్నానక్కా? అదుగో అన్నాను."

ఆ మాటకి నవ్వొచ్చింది నాకు. నవ్వి ఊరుకున్నాను. వారం తిరిగేసరికి రోజుకి మూడు వ్యానులు. క్యాబేజీ తరగలేక నా వేళ్ళు బొబ్బలెక్కాయి. లవెల్ మొద్దు చుట్టూ తాడు కట్టాడు. నానమ్మ పొద్దున్నే బఠాణీల గిన్నెతో వచ్చి తాడు చూసి ఆగిపోయింది.

"నా పీటకి ఉరేశావేంట్రా?"

"కుర్చీ వేశాను కదా నానమ్మా, మెత్తది. దిండు కూడా ఉంది."

"నీ దిండు నువ్వేసుకో. ఇన్నేళ్ళుగా నా పిర్రలకి అలవాటైన మొద్దది."

"సీజన్ అయ్యేదాకా. బతిమాలుతున్నానే."

నానమ్మ కుర్చీలో కూర్చుంది గానీ, అత్తారింట్లో అలిగిన కోడలిలా మొద్దుకి వీపు తిప్పి కూర్చుంది.

పొయ్యి వెనకవైపు ఉంటుంది కాబట్టి నాన్నకి సంగతి ఆలస్యంగా చేరింది. మోసుకొచ్చింది డీకన్ స్టోక్సే. "రూబెన్, ముప్ఫై ఏళ్ళు ఆ మొద్దు మీద కొట్టిన మాంసమే తిన్నాను. అదంత పవిత్రమైనదని ఒక్కమాట చెబితే తినేముందు ఇంకాస్త గట్టిగా ప్రార్థన చేసుకునేవాణ్ణి కదయ్యా."

నాన్న ఆ రోజు కట్టెలు సర్దుకుంటూనే విన్నాడు. మర్నాడు లవెల్‌ని పొయ్యి దగ్గరికి పిలిచాడు. నేను బొగ్గులు లాగుతున్నాను.

"అది పెకాన్ చెట్టు. సుడిగాలికి చర్చి వెనక పడిపోతే మీ తాత కోయించి తెచ్చాడు. నేను చిన్నవాణ్ణి, దొర్లించాను కూడా."

"తెలుసు నాన్నా."

"తెలిసీ?"

లవెల్ వాకిలి వైపు తల తిప్పాడు. "ఇక్కడ మనుషుల్ని అమ్మారా లేదా?"

"అమ్మారు."

"అది నిజమేగా. నేల చూపిస్తే ఒకసారి చూసి వ్యానెక్కుతున్నారు నాన్నా. ముందు నేలే చూపించాను నేను. ఎవడికీ కన్ను చెమ్మగిల్లలేదు. చెక్కముక్క చూపిస్తే ఏడుస్తున్నారు. నిజాన్ని నమ్మించడానికి చెక్కముక్క కావాలంటే, ఆ తప్పు నాదా?"

 నాన్న కట్టె ఒకటి పొయ్యిలోకి తోశాడు. 

ఆ తర్వాత మిస్ ఆగస్టా వచ్చింది. ఊరి చరిత్ర కమిటీకి ఆమే పెద్ద. తెల్లావిడ, మంచిది, మాట్లాడేటప్పుడు చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంది. మా స్థలం పక్కనున్న ఖాళీజాగాలో స్మారకం కడతారట. మొద్దుని అద్దాల పెట్టెలో పెడతారట. దాని గురించి చెప్పడానికి లవెల్‌కి ఏడాది పొడుగునా ఉద్యోగం, ఇన్సూరెన్సుతో సహా.

"ఒక్కటే మిగిలింది, మిస్టర్ రూబెన్," అంది. "ఇది మీ కుటుంబంలో తరతరాలుగా వస్తోందని మీ నోటితో ఒక్కసారి చెప్పాలి. శనివారం కమిటీ అంతా వస్తుంది. సీజన్ ఆఖరి రోజు కదా, యాత్రికులు కూడా ఉంటారు. పెద్దమనిషి మాట, చాలు."

నాన్న చేతులు తుడుచుకుని, "శనివారం పంది పక్కటెముకలు బాగుంటాయి, రండి," అన్నాడు. అవునో కాదో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కొరీన్ కడుపు మీద చెయ్యేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "వదినా, అబద్ధం ఆడమనడం లేదు. తరతరాలుగా ఉందనే కదా చెప్పాలి? ఉంది కదా. తాత, మామయ్య, లవెల్. మూడు తరాలు. అంతవరకూ చెప్పి ఊరుకోమను. ఈ బిడ్డ ఇక్కడ పుడుతుంది."

నిజమే అనిపించింది నాకు. అంతవరకూ చెప్పి ఊరుకోవచ్చు.

శనివారానికి ముందు, ఒక మధ్యాహ్నం, వ్యానులోంచి డెట్రాయిట్ ముసలావిడ దిగింది. మిస్ లెనోరా అని లవెల్ చెప్పాడు. మా నల్లమనిషే. వాళ్ళమ్మ తాతముత్తాతల్ని నాచెజ్‌లోనే అమ్మారట. తాడు దగ్గరికొచ్చి చెప్పులు విడిచింది.

"నాయనా, ఒకసారి ఎక్కి నిలబడనిస్తావా?"

లవెల్ ఆవిడ విడిచిన చెప్పుల వంక చూశాడు. తాడు తీశాడు. చెయ్యందించాడు. ఆవిడ మోకాళ్ళు కటకటలాడుతుంటే మొద్దు మీదికెక్కి నిలబడింది. వెనక మిగతా యాత్రికులు, తమ వంతు కోసం కాబోలు, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

నానమ్మ కుర్చీలోంచి లేచింది. కేకెయ్యలేదు. దగ్గరికెళ్ళి చెయ్యి చాపింది. "దిగు చెల్లీ. అక్కడ కాదు."

"ఏమిటి?"

"దేని మీదా ఎక్కించలేదు మన వాళ్ళని. మా అత్తగారు వాళ్ళ అవ్వ నోటినుంచి విన్నది నాకు చెప్పింది. ఇదుగో, ఈ కంచె వెంబడి నేల మీదే నిలబెట్టేవారట. కొత్త బట్టలిచ్చి, ముఖానికి నూనె రాసి, పొడుగువాళ్ళు ఆ కొసనుంచి, పొట్టివాళ్ళు ఈ కొసకి. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా. కొనేవాళ్ళు ముందు నుంచి నడుచుకుంటూ పోతూ చూసేవాళ్ళు. కూర్చోకూడదు. కూర్చుంటే జబ్బు మనిషని ధర తగ్గుద్దని కొట్టేవాళ్ళు." నానమ్మ ఊపిరి తీసుకుంది. "ఈ స్థలం కొన్నప్పుడు మా ఆయన పొయ్యి కట్టకముందే బెంచీలు చేయించాడు. రా, కూర్చో."

ఇద్దరు ముసలమ్మలూ బెంచీ మీద కూర్చున్నారు. వెనక లైనులో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలో తోచక ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నాన్న తలుపులోంచి అంతా విన్నాడు. నా చేతిలో టీ జగ్గు బరువెక్కింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ బెంచీలు తుడిచాను నేను.

కాసేపయ్యాక మిస్ లెనోరా అడిగింది. "మరి ఆ మొద్దు?"

"నా పీట," అంది నానమ్మ.

వ్యాను వెళ్ళాక లవెల్ తిరిగొచ్చాడు. కోపంగా లేడు, అందుకే నాకు భయమేసింది. "శనివారం ఆ మాట అనకు నానమ్మా."

"నేను ముసల్దాన్ని. నా మాట రాసుకునేదెవరు? వాళ్ళకి కావాల్సింది మీ నాన్న మాట."

శుక్రవారం నిప్పు కప్పుతూ నాన్న నన్నడిగాడు. "డెస్సీ, నేను ఊఁ అంటే వాడుంటాడా?"

"ఉంటాడు నాన్నా."

"లేకపోతే?"

నేను పార ఆయన చేతికందించాను. ఆయన బూడిదని పారతో మెల్లగా సర్దాడు, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు.

శనివారం నాన్న గడ్డం గీసుకున్నాడు. ఆదివారం చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా చూడగానే నాకర్థమైంది, ఊఁ అనబోతున్నాడు. కొరీన్‌కి కూడా అర్థమైంది, నా చెయ్యి పట్టుకుని నొక్కింది. కమిటీవాళ్ళు, పడవ దిగినవాళ్ళు, గౌన్ల దొరసానులు ఇద్దరు, కెమెరాలు. మా వాకిలి తిరునాళ్ళలా ఉంది. నానమ్మ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మిస్ ఆగస్టా అందరినీ కలిపి ఒక ఫోటో అంది. మొద్దు మధ్యలో పెట్టుకుని మనుషులు గుంపుగా మూగారు. వెనకవాళ్ళు కనపడటం లేదు. లవెల్ కెమెరా అందుకుని, నవ్వుతూ, తనకలవాటైన గొంతుతో సర్దాడు.

"అలా కాదండి, కంచె వెంబడి రండి, వరసగా. పొడుగువాళ్ళు ఆ కొసకి వెళ్ళండి. పొట్టివాళ్ళు ఇటు. ఆ, అలా. కదలకండి."

వాళ్ళు నిలబడ్డారు. పొడుగువాళ్ళు ఆ కొసన, పొట్టివాళ్ళు ఈ కొసన.

నాన్న అప్పుడే చేతులు తుడుచుకుంటూ తలుపులోకొచ్చాడు. చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. వెనక్కి తిరిగి లోపలికెళ్ళాడు. లవెల్ కెమెరా దించి నా వంక చూశాడు, ఏమైందన్నట్టు.

నాన్న బయటికొచ్చేసరికి ఒక చేతిలో పంది జబ్బ ఉన్న పళ్ళెం, ఇంకో చేతిలో కత్తి. తాడు కాలితో పక్కకి నెట్టాడు. మొద్దు మీద నీళ్ళు పోసి తుడిచాడు. జబ్బ దాని మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. పాత గుంటలో కత్తి పాత చోటే దిగింది. ఆ చప్పుడు విని మా కుక్క లేచొచ్చి, చిన్నప్పట్లా మొద్దు పక్కన కూర్చుంది.

"మిస్టర్ రూబెన్," అంది మిస్ ఆగస్టా.  "అది... దాని మీద..."

"మాంసం కొట్టే మొద్దమ్మా. సుడిగాలికి పడ్డ పెకాను. ఇన్‌స్పెక్టరు బాబుకి మాత్రం చెప్పకండి." తల ఎత్తకుండానే కంచె వైపు కత్తి ఊపాడు. "నిలబడకండి. దయచేసి కూర్చోండి అందరూ. తెచ్చిపెడతాం."

డీకన్ స్టోక్స్ ఒక్కడే నవ్వబోయి, ఎవరూ తోడు రాకపోతే దగ్గులోకి దించాడు. కొంతమంది కూర్చున్నారు. కొంతమంది కార్ల వైపు నడిచారు. లవెల్ కెమెరాని దాని సొంతదారు చేతిలో పెట్టి, వ్యాను తాళాలు బెంచీ మీద పెట్టి, పాతదారి వెంట ఊళ్ళోకి నడిచిపోయాడు. కొరీన్ నా చెయ్యి వదిలేసింది.

తర్వాత ఎవరూ ఎవర్నీ నిందించలేదు. కమిటీ నుంచి మర్యాదగా కబురొచ్చింది, ఆలోచన మానుకున్నామని. మొద్దు అబద్ధమైతే దొడ్డి మాత్రం నిజమని ఏమిటి నమ్మకం అని కమిటీలో ఎవరో అన్నారట. స్మారకం కట్టాల్సిన ఖాళీజాగాలో ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు. లవెల్ చెప్పింది అక్షరాలా జరిగింది. నేల చూపిస్తే వ్యానెక్కుతారని వాడు ముందే అన్నాడు.

నానమ్మ చెప్పిన కథ మాత్రం మిస్ లెనోరాతో డెట్రాయిట్ చేరింది. అదొక్కటే.

హ్యూస్టన్ వెళ్ళే రోజు పొద్దున్నే లవెల్ కొట్టుకొచ్చాడు. కారు నిండా సామాను, ముందుసీట్లో కొరీన్ కళ్ళు మూసుకుని ఉంది. నాన్న మొద్దు మీద మెత్తటి ముక్కలు ఏరి కొట్టి, మొక్కజొన్న రొట్టె పెట్టి, పళ్ళెం తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. లవెల్ పళ్ళెం తీసుకుని కంచె పక్కన నిలబడి తినడం మొదలుపెట్టాడు.

"కూర్చోరా," అంది నానమ్మ. తిరిగి తన పీటకొచ్చేసింది అప్పటికి. మాంసం కొట్టాక నాన్న కడిగి ఇస్తే దాని మీదే కూర్చునేది. ఆ రోజు ఇంకా కడగలేదు, పక్కనున్న బెంచీ అంచున కూర్చుంది.

లవెల్ నమిలింది మింగేదాకా ఆగాడు. "కూర్చుంటే లేవలేను నానమ్మా."

నాన్న కూర్చోమనలేదు. పొయ్యి దగ్గరికీ వెళ్ళలేదు. తువ్వాలు భుజాన వేసుకుని కంచె దగ్గరికెళ్ళి, వాడి పక్కనే, వాడు చూస్తున్న వైపే చూస్తూ, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాడు. మా కొట్టు ముందు మా ఇంటి మనుషులు ఇద్దరు వరసగా నిలబడటం నేను చూడటం అదే మొదలు.

నానమ్మ కూడా చూసింది. కేకెయ్యలేదు.